రాయగడలో బడి తల్లిదండ్రుల గ్రూపు దొరకడం లేదా? ఇలా వెతకండి

పార్వతీపురం నుంచి రాయగడకు మారిన కొత్తలో పాప బడికి తల్లిదండ్రుల గ్రూపు ఏదైనా ఉందేమోనని రెండు వారాలు ఫోన్లో వెతికాను. గ్రూపు ఉంది, కానీ నేను వెతికిన పేరుతో లేదు. ఒడిశా సరిహద్దు ఊళ్ళకు బదిలీ మీద వచ్చే మనవాళ్ళు చాలామంది ఈ వెతుకులాట దగ్గరే ఆగిపోతున్నారు.

సమస్య: వెతికితే ఎక్కడెక్కడి బడులో వస్తున్నాయి

కారణం ఊరి పేరే. రాయగడ అని కొడితే మహారాష్ట్ర రాయగడ్, ఛత్తీస్‌గఢ్ రాయగఢ్ కూడా వచ్చి పడతాయి. జయపురం రాజస్థాన్ జైపూర్‌తో కలిసిపోతుంది. బరంపురం పేరుతో పశ్చిమ బెంగాల్‌లోని ముర్షీదాబాద్ జిల్లాలోనూ ఊరుంది. పైగా రాయగడ, గజపతి జిల్లాలు 1992లో ఏర్పడ్డాయి. అందుకే పాత బడి కాగితాల్లో రాయగడ కోరాపుట్ జిల్లాలో, గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి గంజాం జిల్లాలో కనబడతాయి.

ఊరి పేరు పక్కన పెట్టి పిన్‌కోడ్‌తో వెతకండి. రాయగడ 765001, జయపురం 764001, బరంపురం 760001, పర్లాకిమిడి 761200. దేశంలోని బడుల వివరాలు ఉంచే కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైటు యూడైస్ ప్లస్‌లోని ‘నో యువర్ స్కూల్’లో పిన్‌కోడ్ కొడితే ఆ చుట్టుపక్కల బడుల జాబితా వస్తుంది. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది, ఒడిశా బడులవి 21తో మొదలవుతాయి. అది ప్రభుత్వ బడా, ఎయిడెడా (సర్కారు నిధులు అందే ప్రైవేటు బడి), ఎయిడ్ లేని ప్రైవేటా అన్నది అక్కడే చూసి రాసుకోండి. తర్వాత ఎటు వెళ్ళాలో దాన్నిబట్టే తేలుతుంది.

సమస్య: బడి దొరికింది, తల్లిదండ్రుల సంఘం ఊసే లేదు

నేను ఎక్కువ రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. ‘తల్లిదండ్రులు’ అన్న మాటను ఒడియాలోకి అనువదిస్తే ‘పితామాత’ అని రావచ్చు. బడి నోటీసుల్లో రాసేది మాత్రం ‘అభిభావక’. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఉండే కమిటీ పేరు ‘విద్యాలయ పరిచాళనా కమిటీ’. ఫోన్లో ఒడియా కీబోర్డు పెట్టుకుని ఈ రెండు మాటలనూ బడి పేరుతో కలిపి వెతకండి. లిపి రాకపోతే పిల్లల చేత కొట్టించండి. మా పాప రెండో తరగతిలోనే నాకు ఆ సాయం చేసింది.

ఈ కమిటీ బడివాళ్ళు దయతలచి పెట్టేది కాదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఉండి తీరాలి. సభ్యుల్లో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. సభ్యులెవరని హెడ్మాస్టరును అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఈ సెక్షన్ వర్తించదు. అది సీబీఎస్ఈ బడి అయితే దాని వెబ్‌సైటులో ‘మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్’ అన్న పేజీ తెరవండి. ఫీజుల వివరాలు, బోర్డు ఫలితాలు పెట్టే భాగంలోనే పేరెంట్ టీచర్ అసోసియేషన్ సభ్యుల జాబితా కూడా పెట్టాలన్నది బోర్డు నియమం. పాత జాబితా అయితే అందులో ఉన్నవాళ్ళ పిల్లలు బడి దాటిపోయి ఉంటారు. ఏ ఏడాదిదో చూసుకోండి.

సమస్య: వాట్సాప్ గ్రూపు ఉందంటున్నారు, ఎక్కడా కనబడదు

తరగతి గ్రూపులు గూగుల్లో దొరికేవి కావు. ఫేస్‌బుక్‌లో కూడా దాచిపెట్టిన గ్రూపు వెతుకులాటలో రాదు. బడి వదిలే వేళకు గేటు దగ్గరికి వెళ్ళి, మీ పాప తరగతిలోనే చదివే పిల్లల అమ్మనో నాన్ననో అడగండి. రాయగడలో తెలుగులో అడిగినా జవాబు చెప్పేవాళ్ళు దొరుకుతారు.

నంబరు ఇచ్చినా చేర్చలేదంటే ముందు మీ ఫోనే చూసుకోండి. ప్రైవసీ సెట్టింగులో గ్రూపుల్లో చేర్చే వీలు ‘మై కాంటాక్ట్స్’కే ఇచ్చి ఉంటే, మీ ఫోన్లో పేరు లేని అడ్మిన్ మిమ్మల్ని చేర్చలేరు. విడిగా ఆహ్వానం పంపాల్సి వస్తుంది, దానికి మూడు రోజులే గడువు. అడ్మిన్ నంబరు ముందుగా సేవ్ చేసుకుంటే ఆ చిక్కు ఉండదు.

సమస్య: ఆన్‌లైన్‌లో దొరికిన లింకుతో చేరాను, డబ్బు అడుగుతున్నారు

వెంటనే బయటికి వచ్చేయండి. ఓటీపీ, పాప ఫోటో, సెక్షను, రోల్ నంబరు ఎవరికీ పంపొద్దు. ఫీజు అంటే బడి ఆఫీసులో కట్టి రసీదు తీసుకోండి.