కొత్తగా వచ్చారా? రెండో రౌటర్ అప్పుడే కొనకండి

పోయిన నెల ఖమ్మం నుంచి అమెరికా వచ్చిన కుర్రాడొకడు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా కాంప్లెక్స్‌లోనే ఇంకో ముగ్గురితో కలిసి డబుల్ బెడ్‌రూమ్‌లో దిగాడు. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "అన్నా, నెట్ అస్సలు నడవట్లేదు. అమ్మతో వీడియో కాల్‌లో ఉంటే బొమ్మ ఆగిపోతోంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 1 గిగ్, అంటే 1000ది పెట్టించాం, అయినా అంతే."

వెళ్ళి చూశాను. నెట్ కంపెనీవాళ్ళు ఇచ్చిన పెట్టె బెడ్‌రూమ్ క్లోజెట్ గోడలో బిగించిన ఇనప డబ్బాలో ఉంది. దాని తలుపు మూసేసి ఉంది. తలుపు ముందు ఎయిర్ ఇండియా ట్యాగులు కూడా తీయని రెండు సూట్‌కేసులు. హాల్లో టీవీ పక్కన మాత్రం నాలుగు కొమ్ములున్న కొత్త రౌటర్ మిణుకు మిణుకుమంటోంది.

"ఇదెందుకు కొన్నావ్ తమ్ముడూ?"

"డీల్‌లో వచ్చిందన్నా."

కోపం రాలేదంటే అబద్ధం. కానీ తిట్టే మొహం నాకు లేదు. 2016లో నేను వచ్చినప్పుడు ఇంతకన్నా ఘోరం చేశాను. మొదటి రెండు నెలలు గెస్ట్ హౌస్‌లో ఏడుగురం. అందరికీ కలిపి ఒకటే వైఫై, అదీ ఇలాగే క్లోజెట్‌లో. క్లయింట్ ఇంటర్వ్యూ స్కైప్‌లో పెట్టారు. రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతూనే ఉన్నాను, అవతల బొమ్మ ఎప్పుడో ఆగిపోయింది. ల్యాప్‌టాప్ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్ళి, అక్కడ సిగ్నల్ దొరికి, "హలో హలో" అనేసరికి వాళ్ళు లైన్‌లో లేరు. ప్రాజెక్టు లేకుండా బెంచి మీద ఇంకో ఐదు వారాలు. ఆ కసితో సొంత అపార్ట్‌మెంట్‌కు మారిన రోజే రౌటర్ కొన్నాను. ప్లాన్ పెంచాను. నెలకు 30 డాలర్లు ఎక్కువ కట్టాను. ఏమీ మారలేదు, పైగా కొత్త తలనొప్పి మొదలైంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆపి మళ్ళీ వేయడం, పాస్‌వర్డ్ మార్చడం లాంటివి మీకు తెలుసు. వాటి జోలికి పోను.

ముందు తీగ పెట్టి చూడండి. కంపెనీ పెట్టె వెనక ల్యాన్ పోర్టుకు ఒక కేబుల్ పెట్టి, రెండో కొస ల్యాప్‌టాప్‌కు తగిలించి, స్పీడ్ టెస్ట్ చేయండి. ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది, అది దండగ ఖర్చు కాదు. తీగ మీద మీరు డబ్బు కట్టిన స్పీడు దాదాపుగా వస్తుంటే కంపెనీ తప్పేమీ లేదు, తప్పు మీ ఇంట్లోనే ఉంది. ఇక ప్లాన్ పెంచడమంటే చిల్లు కుండలో ఇంకో బిందె పోయడమే. తీగ మీద కూడా రాకపోతే అప్పుడు ఫోన్ చేసి గట్టిగా అడగండి. ఒక్క మాట: తీగ మీద సరిగ్గా 94 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతోందంటే కేబుల్‌నే అనుమానించండి. లోపల ఒక జత తెగినా, పాత రకం కేబుల్ అయినా లింకు 100కే పడిపోతుంది. మా వాడు వాడింది ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న కేబుల్. మార్చగానే 900 దాటింది.

ఇంకో సంగతి. ప్లాన్ పేరులో కనిపించే అంకె డౌన్‌లోడ్‌ది. అమ్మకు మీ బొమ్మ వెళ్ళాలంటే అప్‌లోడ్ కావాలి. కేబుల్ టీవీ లైను మీద నెట్ ఇచ్చే కంపెనీల ప్లాన్లలో అప్‌లోడ్ చాలాచోట్ల డౌన్‌లోడ్‌లో పదో వంతు కూడా ఉండదు. 2024 నుంచి ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన ప్రకారం ప్రతి ప్లాన్‌కూ ఒక లేబుల్ చూపించాలి, మన తిండి ప్యాకెట్ల వెనక ఉండే పట్టిక లాంటిది. అందులో రెండు స్పీడ్లూ, నెల ఖర్చూ ఉంటాయి. సంతకం పెట్టే ముందు అది చదవండి. నేను చదవలేదనుకోండి, అప్పట్లో అది లేదు కూడా.

పెట్టెను ఇనప డబ్బాలోంచి బయటికి తీయండి. దీనికి వివరణ కావాలా? మన ఊళ్ళో ఇటుక గోడకు, స్లాబుకు సిగ్నల్ తగ్గేది. ఇక్కడ గోడలు జిప్సం బోర్డువి, వాటితో పెద్ద బాధ లేదు. ఇనుము, నిలువెత్తు అద్దం, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు ఇవే శత్రువులు. బయట పెట్టడానికి తీగ చాలకపోతే పొడుగు తీగ కొనండి, రౌటర్ కాదు.

ఆ తర్వాత బ్యాండు, అంటే వైఫై నడిచే ఫ్రీక్వెన్సీ దారి. మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో అమెరికాలో వాడే ఛానళ్ళు పదకొండు, అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. మీ ఫోన్‌లో వైఫై జాబితా తెరిచి చూడండి, పక్కింటివాళ్ళవి ముప్పై పేర్లు కనిపిస్తాయి. ఆ ముప్పై మందీ ఆ మూడు ఇరుకు సందుల్లోనే. దానికి తోడు మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది, రాత్రి ఎనిమిదింటికి నలుగురూ అన్నం వేడి చేసుకునేటప్పుడే కాల్ తెగడం శకునం కాదు. ల్యాప్‌టాప్, ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. దూరం కొంచెం తక్కువ పోతుంది, చోటు మాత్రం చాలా ఎక్కువ.

మా వాడి గదిలో ఇంకో వింత బయటపడింది. పెళ్ళి వీడియోలున్న హార్డ్ డిస్కు ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చాలు, వైఫై పడిపోతోంది. యూఎస్‌బీ 3.0 పరికరాలు 2.4 పక్కనే రేడియో గోల పుట్టిస్తాయి. చవక కేబుల్ అయితే మరీను. డిస్కు కొంచెం దూరంగా జరిపాం, 5కు మారాం, అంతే.

ఇక నా అసలు బాధకు వస్తాను. రెండు పెట్టెలు.

కంపెనీ ఇచ్చినది బయటి లైనును ఇంట్లోకి తెచ్చే ఉత్త మోడెమ్ కాదు, అందులోనే రౌటర్ ఉంటుంది. దానికి మీరు ఇంకో రౌటర్ తగిలిస్తే ఇంట్లో ఇద్దరు పెద్దలవుతారు, ఇద్దరూ వేర్వేరుగా ఐపీ అడ్రసులు, అంటే ప్రతి పరికరానికీ ఇచ్చే డోర్ నంబర్లు పంచుతారు. హాల్లో ఉన్న ల్యాప్‌టాప్‌కు 192.168.1.23 వస్తుంది, బెడ్‌రూమ్‌లో ఉన్నదానికి 192.168.0.14 వస్తుంది. నెట్ రెండింట్లోనూ వస్తుంది కాబట్టి మనకు అనుమానం రాదు. కానీ నెట్‌వర్క్ జాబితాలో ఒకదానికొకటి కనిపించవు. ప్రింటర్ ఒక పెట్టె మీద, మీరు ఇంకో పెట్టె మీద. లోపలి రౌటర్, అంటే మీరు కొన్నదాని వెనక ఉన్నవాళ్ళు గడప దాటి బయటికి వస్తారు, బయటివాళ్ళకు మాత్రం లోపలికి దారి లేదు. నేను మూడు నెలలు, అక్షరాలా మూడు నెలలు, విండోస్‌ను తిట్టాను. ఫైర్‌వాల్ ఆపేశాను, వైరస్ అనుకున్నాను, ఒకసారి మొత్తం ఫార్మాట్ కూడా చేశాను. తీరా చూస్తే ఆ మూడో అంకె. 0 వేరు, 1 వేరు. అంతే.

కాబట్టి పరికరాలు ఒకదానికొకటి కనిపించకపోతే ముందు రెండు ల్యాప్‌టాపుల్లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి, ఐపీవీ4 అడ్రసులో చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలు కలుస్తున్నాయా లేదా చూడండి. కలవకపోతే మిగతా ఏ సెట్టింగూ ముట్టుకోకండి. మీ రౌటర్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అది పెట్టండి. అప్పుడు అడ్రసులు కంపెనీ పెట్టె ఒక్కటే ఇస్తుంది, మీది సిగ్నల్ మాత్రం పంచుతుంది. లేదా కంపెనీ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి, అంటే దాని రౌటర్ పని ఆపేసి, మీ రౌటర్‌నే పెద్దను చేయండి. ఏదో ఒకటి, రెండూ ఒకేసారి కాదు. ఇది చదివి కూడా రెండు పెట్టెలూ రౌటర్లుగానే వాడేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు. వాళ్ళు నాకు ఫోన్ చేయొద్దు.

గెస్ట్ నెట్‌వర్క్ మీద ఉన్నా ఇదే కథ. అందులో ఉన్న పరికరాలను సాధారణంగా ఒకదానికొకటి కనిపించనివ్వరు, చుట్టాల కోసం పెట్టినది కదా. కొన్ని అపార్ట్‌మెంట్లలో అద్దెతోపాటు ఇచ్చే కామన్ వైఫై కూడా అంతే.

అడ్రసులు కలిశాక ఫోల్డర్ షేరింగ్ అంత కష్టమేమీ కాదు. కొత్త వైఫైని విండోస్ మామూలుగా పబ్లిక్ అనుకుంటుంది, దాన్ని ప్రైవేట్‌కు మార్చండి. ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయండి. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది: అవతలి ల్యాప్‌టాప్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగితే మీరు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ పనిచేయదు. ఆ ల్యాప్‌టాప్‌లో వాడే మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఈమెయిల్, దాని అసలు పాస్‌వర్డ్ కావాలి. అది ఎవరికీ గుర్తుండదు, ముందే వెతుక్కోండి. పాస్‌వర్డే లేకుండా పెట్టేద్దాం అంటారు మన కుర్రాళ్ళు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక అలాంటివి మామూలుగా తెరుచుకోవు. ఫైల్ షేరింగ్ పాత పద్ధతి ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ లాంటిది, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగేది, పాకింది ఆ సందులోంచే.

కాపీ స్పీడు గురించి కూడా అడిగాడు. రెండు ల్యాప్‌టాపులూ వైఫై మీదే ఉంటే ప్రతి ముక్కా ఒకసారి రౌటర్ దగ్గరకు, అక్కణ్ణించి మళ్ళీ రెండోదానికి, అదే గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. స్పీడు సగమవుతుంది. పైగా ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేరు, విండోస్ చూపించే ఎంబీ (మెగాబైట్లు) వేరు, మధ్యలో ఎనిమిదితో భాగించాలి. మా వాడి 120 జీబీ పెళ్ళి వీడియో సెకనుకు 4 ఎంబీ చొప్పున పోతోంది, అంటే ఎనిమిది గంటలు. రెండింటినీ తీగతో పెట్టెకు కలిపితే ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఇంత పెద్ద ఫైలుకు తీగే మేలు.

ఆఫీసువాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇవేవీ చేయకండి. ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఇంటి ప్రింటర్ కనిపించకపోవడం చాలాచోట్ల వాళ్ళు కావాలని పెట్టిందే. దాన్ని తప్పించుకునే దారులు వెతకొద్దు. వీసా మీద ఉన్నవాళ్ళం, పెళ్ళి వీడియో కోసం ఐటీ వాళ్ళ మెయిల్ తెచ్చుకోవడం అవసరమా?

సరే, ఇంతసేపూ భయపెట్టాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఈ సెట్టింగులు ఎలా మార్చినా ఆ పెట్టెకు ఏమీ కాదు. అంతా చిందరవందరైతే వెనక చిన్న రంధ్రంలో రీసెట్ గుండీ ఉంటుంది. పిన్నీసుతో కాసేపు నొక్కి పట్టుకుంటే మొదటి రోజు ఎలా ఉందో అలా అవుతుంది. అడుగున స్టిక్కర్ మీదున్న పేరు, పాస్‌వర్డ్ మళ్ళీ పనిచేస్తాయి. నొక్కే ముందు ఆ స్టిక్కర్‌కు ఒక ఫోటో తీసుకోండి. నాకు మూడు నెలలు పట్టింది, మా వాడికి ఒక సాయంత్రం పట్టింది. మీకూ అంతకంటే ఎక్కువ పట్టదు.

మొన్న రాత్రి పదకొండింటికి ఫోటో పంపాడు. కంపెనీ పెట్టె క్లోజెట్‌లోంచి బయటికొచ్చి టీవీ పక్కన కూర్చుంది, ప్లాన్ మళ్ళీ 300కు తగ్గించాడు. పెట్టె మీద వాళ్ళమ్మ పంపిన ఇత్తడి వినాయకుడు. వినాయకుణ్ణి పక్క అరలో పెట్టమన్నాను, కింద గాలి ఆడక పెట్టె వేడెక్కుతుంది.