విమానం కిటికీలోంచి మన చెరువులను ఫోటో తీయాలంటే

ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు. సగం పని సీటు ఎంచుకునేటప్పుడే అయిపోతుంది. శంషాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే విమానం పాలమూరు మీదుగా దాదాపు నేరుగా దక్షిణానికి పోతుంది, విజయవాడది నల్లగొండ వైపు, చెన్నై, తిరుపతి వెళ్లేవి నల్లమల వైపు. మబ్బులను బట్టి, ట్రాఫిక్‌ను బట్టి రూటు కొంచెం అటూ ఇటూ జరుగుతుంది, కాబట్టి శ్రీశైలం డ్యాం చూపిస్తానని పక్కవాళ్లకు ముందే మాటివ్వకండి.

పొద్దున బెంగళూరు విమానంలో ఎండ ఎడమ పక్క ఉంటుంది. ఎండ లేని పక్క కూర్చోమని అందరూ చెబుతారు, గుట్టల రంగులు, నల్లగొండ బత్తాయి తోటల్లో చుక్కలు పెట్టినట్టుండే చెట్ల వరుసలు కావాలంటే అది సరైన సలహానే. చెరువులు కావాలంటే మాత్రం నా ఓటు ఎండ పక్కకే. ఏటవాలు ఎండలో విమానం ముందుకు పోతున్నకొద్దీ ఒక్కో చెరువు తళుక్కున వెలిగి ఆరిపోతుంది, అప్పటిదాకా కంటికి ఆనని చిన్న చిన్న కుంటలు కూడా బయటపడతాయి. ఇదంతా కొన్ని సెకన్ల ముచ్చటే. అందుకే ముందే రెడీగా ఉండి, స్క్రీన్ మీద దూరంగా ఉన్న నేలను వేలితో నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురును బాగా కిందికి లాగండి. నేల నల్లబడుతుంది, పడనివ్వండి, నీళ్ల అంచూ కట్ట గీతా తేటగా వస్తాయి.

కట్టనే చూడండి అసలు. ఒక పక్క గీత గీసినట్టు కట్ట, ఇంకో పక్క ఎట్లంటే అట్ల పాకిన నీళ్లు, కట్ట కింద పచ్చగా పరుచుకున్న ఆయకట్టు. ఈ మూడూ ఒక ఫ్రేములో పడితే చాలు. వానలు తెరిపిచ్చాక, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, చెరువులు నిండుగా ఉంటాయి, గాలీ కడిగినట్టుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ము తప్ప ఏమీ రాదు.

సీటు రెక్కకు ముందు దొరికితే మంచిది, రెక్క వెనకే కూర్చుంటే ఇంజిన్ వేడిగాలికి కింది నేలంతా అలలు అలలుగా కదిలి మసకగా వస్తుంది. కొన్ని బోయింగ్ 737ల్లో రెక్కకు కాస్త ముందు ఒక వరుసకు కిటికీయే ఉండదు, డబ్బులు కట్టే ముందు చూసుకోండి. చిన్న ఏటీఆర్ విమానం దొరికితే పండగే, దాని రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి అడ్డం రాదు, ఎత్తు కూడా తక్కువలోనే పోతుంది.

కిటికీ అద్దం నిజానికి గాజు కాదు, అక్రిలిక్. లోపలి పొర మీద వేలిముద్రలుంటే మెత్తని గుడ్డతో తుడవండి. ఫోన్‌ను అద్దానికి ఆనించకండి, విమానం వణుకు ఫోన్‌కు ఎక్కుతుంది, వేలెడు దూరంలో పట్టుకోండి. తెల్ల చొక్కా వేసుకుంటే ఫోటోలో అదే కనబడుతుంది, నల్ల చున్నీయో కండువాయో చుట్టూ అడ్డం పెడితే అద్దంలో పడే నీడలు పోతాయి. ఫ్లాష్ తీసేయండి. కెమెరావాళ్లు లెన్సు ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ కూడా తీసేయాలి, లేకపోతే అక్రిలిక్ వల్ల ఆకాశమంతా రంగురంగుల చారలు పడతాయి. షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు కంటే తగ్గించకండి, లెన్సు రంధ్రం (అపెర్చర్) ఎఫ్/8 దాటి చిన్నదైతే కిటికీ గీతలన్నీ ఫోటోలోకి వస్తాయి.

మంచి ఫోటోలు ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వస్తాయి, పైకి పోయినకొద్దీ మధ్యలో పొగమంచే. తూర్పు నుంచి శంషాబాద్‌లో దిగుతుంటే ఎడమ పక్క ఇబ్రహీంపట్నం చెరువు కోసం చూస్తూ ఉండండి. కిటికీ సీటు దొరక్కపోతే "అన్నా, జర షేడ్ తీస్తరా" అంటే కాదనేవాళ్లు తక్కువ.

ప్రయాణికులు విమానంలో ఫోటోలు తీసుకోవచ్చని దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2020లో స్పష్టం చేసింది, అయితే సిబ్బంది వద్దంటే ఆపేయాల్సిందే. పుణె, శ్రీనగర్ లాంటి సైనిక విమానాశ్రయాల్లో మాత్రం ఫోన్ బయటికి తీయకండి, అక్కడ నిషేధం.

ఇంటికొచ్చాక కాంట్రాస్ట్ కొంచెం పెంచి, నీలి ఛాయ తగ్గిస్తే పొగమంచు చాలావరకు పోతుంది. అది ఏ ఊరి చెరువో తెలియాలంటే ఫోటో తీసిన టైమును బట్టి ఎక్కడున్నారో అంచనా వేసి, గూగుల్ మ్యాప్స్ ఉపగ్రహ చిత్రంలో వెతకండి. నీళ్ల ఆకారంతో పోల్చకండి, అది నెలనెలకూ మారుతుంది. కట్ట వంపుతో పోల్చండి.