ఇంటర్‌ప్రెటర్ వద్దని సంతకం పెట్టే ముందు

అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు సోషల్ సెక్యూరిటీ (పింఛన్ల లాంటివి చూసే) ఆఫీసుకో, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వ వైద్య సాయం) పనికో వెళ్లినప్పుడు "మా అమ్మాయి ఉందిగా, ఇంకొకరెందుకు?" అంటారు. ఉచిత ఇంటర్‌ప్రెటర్ (దుభాషి) అక్కర్లేదని రాసున్న కాగితం కొన్ని ఆఫీసుల్లో ముందుకు తోస్తారు. మొహమాటానికి దానిమీద సంతకం పెట్టేయకండి.

అమ్మాయికి ఇంగ్లిష్ బాగానే వచ్చు. చిక్కల్లా ఆమె మీ అమ్మాయి కావడమే. ఊళ్లో పొలం సంగతి అడిగితే "అదంతా ఇప్పుడెందుకులే నాన్నా" అని మీ తరఫున "నో" చెప్పేస్తుంది. ఎస్‌ఎస్‌ఐ (ఆదాయం, ఆస్తి తక్కువున్న పెద్దవాళ్లకీ, వికలాంగులకీ నెలనెలా ఇచ్చే డబ్బు) లాంటి సాయానికి ఇండియాలో ఉన్న ఆస్తి కూడా లెక్కే. రికార్డులో పడేది మాత్రం మీ జవాబుగానే. పెద్దనాన్న కొడుకుని మనం అన్నయ్య అంటాం. ఫారంలో బ్రదర్ అని పడితే అది తప్పుడు సమాచారం. అదే వృత్తిగా చేసే ఇంటర్‌ప్రెటర్ అయితే "సొంత అన్నయ్యేనా?" అని ఆగి అడిగే అవకాశం ఎక్కువ.

ఇంటర్‌ప్రెటర్‌ని అడగడమంటే అమ్మాయిని బయట కూర్చోబెట్టడం కాదు. ఇద్దరినీ ఉంచుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని మనవడితో మాత్రం ఈ పని చేయించకండి.

ఈ ఉచిత సాయం ఎవరో దయతో ఇచ్చేదీ కాదు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బు తీసుకునే సంస్థలు పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదని 1964 పౌర హక్కుల చట్టం చెబుతోంది. మెడికెయిడ్ లాంటి చోట్ల భాషా సాయానికి ఆధారం అదే. దీనిపై 2000లో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వును 2025 మార్చిలో రద్దు చేశారు. చట్టం మాత్రం అలాగే ఉంది. అయినా ఆఫీసుల తీరు మారుతుంటుంది కాబట్టి అపాయింట్‌మెంట్‌కి ముందే ఫోన్ చేసి అడగండి. గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ సంగతి వేరు, అక్కడికి ఇంటర్‌ప్రెటర్‌ని సాధారణంగా మీరే తెచ్చుకోవాలి.

ఫోన్‌లో తెలుగు అంటే వాళ్లకి తమిళ్ అని వినబడవచ్చు. ఇండియా అన్నారంటే హిందీ వాళ్లని కలుపుతారేమో. టీ, ఈ, ఎల్, యూ, జీ, యూ అని అక్షరం అక్షరం చెప్పండి. లైన్‌లోకి వచ్చినవాళ్ల మాట అర్థం కాకపోతే మార్చమనండి. వాళ్ల ఐడీ నంబరు, తేదీ రాసి పెట్టుకోండి.

అన్నీ ఆలోచించాక కూడా వద్దనుకుంటే, ఆ కాగితం ఈ ఒక్క రోజుకేనా, తర్వాత మనసు మార్చుకోవచ్చా అని అడిగి, కాపీ తీసుకోండి. మాట్లాడేటప్పుడు మన అలవాటు కొద్దీ తల అటూ ఇటూ ఊపకండి, అవునన్నారో కాదన్నారో వాళ్లకి తెలియదు. నోటితో చెప్పండి.