థ్రిల్లర్ సినిమా మొదటి సీన్‌ను విడదీసి చూడటం ఎలా?

థ్రిల్లర్‌కి మొదటి ఐదు నిమిషాలే ప్రాణం. అక్కడ పట్టు దొరక్కపోతే తర్వాత ఎన్ని మలుపులు పెట్టినా ప్రేక్షకుడు మనసులో సగం బయటే ఉంటాడు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్‌లు తీసే కుర్రాళ్లు, అమ్మాయిలు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. థ్రిల్లర్ అంటే వాళ్లకు ప్రత్యేకమైన మోజు. ఈ వ్యాసం వాళ్ల కోసం. సినిమా చూసి "బాగుంది" అని ఊరుకోకుండా ఎందుకు బాగుందో తేల్చుకోవాలనుకునే మామూలు ప్రేక్షకుల కోసం కూడా.

విశ్లేషణ అనగానే చాలామంది లో యాంగిల్, క్లోజప్, ట్రాలీ షాట్ అని పేర్లు ఏరి వరసగా రాసేస్తారు. ఆ పేర్లు తెలియాలి, తప్పదు. కానీ థ్రిల్లర్‌లో అసలు పట్టుకోవాల్సింది ఒకటే: ఈ క్షణానికి ఎవరికి ఎంత తెలుసు? చూస్తున్న మనకెంత తెలుసు, తెర మీద మనిషికెంత తెలుసు, కీడు తలపెట్టినవాడికెంత తెలుసు? కెమెరా, కటింగ్, వెలుతురు, శబ్దం, అన్నీ పనిచేసేది ఈ లెక్క కోసమే. కింది మెట్లన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

మెట్టు 1: ఆపకుండా ఒక్కసారి చూడండి

మొదటిసారి చూసేటప్పుడు ఆపకండి, రాయకండి. సీన్ అయిపోగానే ఎక్కడ ఊపిరి బిగబట్టారో, ఎక్కడ ముందుకు వంగారో, ఎక్కడ విసుగొచ్చిందో నాలుగు ముక్కలు రాసుకోండి. రెండోసారికి కథ తెలిసిపోతుంది కాబట్టి ఆ మొదటి ఉలికిపాటు మళ్లీ రాదు. మిగతా పనికంతా ఆ కాగితమే ఆధారం.

ఓపెనింగ్ ఎక్కడితో అయిపోయిందని లెక్కపెట్టాలి? టైటిల్స్ పడటంతో దీనికి సంబంధం లేదు. మన మనసులో మొదటి పెద్ద ప్రశ్న నాటుకున్న చోట ఓపెనింగ్ పూర్తయినట్టు. అక్కడ టైమ్ రాసి పెట్టుకోండి.

మెట్టు 2: మూడు గళ్లు గీయండి

నోట్‌బుక్‌లో మూడు నిలువు గళ్లు గీయండి. మొదటి దాని మీద "మనకు", రెండో దాని మీద "పాత్రకు", మూడో దాని మీద "శత్రువుకు" అని రాయండి. కొత్త సంగతి బయటపడినప్పుడల్లా ఏ గడిలో చేరిందో టైమ్‌తో సహా వేయండి.

దీని వెనక, సస్పెన్స్ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన సంగతి ఒకటుంది. ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో మాట్లాడుతూ ఆయన టేబుల్ కింద బాంబు ఉదాహరణ ఇచ్చాడు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఉన్నట్టుండి బాంబు పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల అదురు. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పి, వాళ్లిద్దరికీ చెప్పకపోతే, అవే చప్పిడి మాటలు పదిహేను నిమిషాలు ఊపిరాడనివ్వవు. గళ్ల భాషలో చెప్పాలంటే మొదటి గడి నిండి, రెండో గడి ఖాళీగా ఉండటమే సస్పెన్స్.

ఈ పద్ధతిని ఒక సీన్ మీద పెట్టి చూద్దాం. ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' మొదటి షాట్ సుమారు 3 నిమిషాల 20 సెకన్లు, మధ్యలో ఒక్క కట్ (ఒక షాట్ ఆగి ఇంకో షాట్‌కి మారడం) కూడా ఉండదు. కెమెరామన్ రసెల్ మెట్టీ. మొట్టమొదట తెర నిండా రెండు చేతులు, ఒక టైమ్ బాంబు. వేళ్లు టైమర్‌ని తిప్పుతాయి. దూరంగా ఒక ఆడమనిషి నవ్వు వినిపిస్తుంది. బాంబు పట్టుకున్నవాడు పరుగున వెళ్లి ఆగి ఉన్న కారు డిక్కీలో దాన్ని పెట్టి మాయమవుతాడు. వాడి ముఖం మనకు సరిగ్గా తెలియనివ్వరు. ఒక పెద్దమనిషి, ఆయన వెంట ఒకామె వచ్చి ఆ కారు ఎక్కుతారు. కెమెరా క్రేన్ మీద పైకి లేచి, ఇళ్ల కప్పుల మీదుగా దాటి, మళ్లీ వీధిలోకి దిగుతుంది. మెక్సికో, అమెరికా సరిహద్దు ఊరది. కారు జనంలో ఆగుతూ ఆగుతూ కదులుతుంది.

అప్పుడు కొత్తగా పెళ్లైన జంట నడుచుకుంటూ ఫ్రేమ్‌లోకి వస్తుంది. కథానాయకుడు, ఆయన భార్య. కారు ఒకసారి వాళ్లను దాటిపోతుంది, ఇంకోసారి వాళ్లే కారును దాటేస్తారు. చెక్‌పోస్ట్ దగ్గర కారూ, జంటా పక్కపక్కనే నిలబడతారు. కారులో ఆమె తన తలలో టిక్ టిక్ మంటోందని కాపలా అధికారితో అంటుంది. ఎవరూ పట్టించుకోరు. ఆ మాటకు అర్థం తెలిసింది ఒక్క మనకే.

ఇప్పుడు మీ గళ్లు చూడండి. మొదటి అరనిమిషంలోపే మన గడి నిండిపోయింది, పాత్రల గడి చివరిదాకా ఖాళీ. అంతా బాగానే ఉంది, మరి కట్ ఎందుకు లేదు? కట్ పడితే కాలాన్ని సాగదీయొచ్చు, కుదించొచ్చు. ప్రేక్షకుడికి ఆ సంగతి తెలియకపోయినా మనసు పసిగడుతుంది. కట్ లేకపోతే సినిమా గడియారం, బాంబు గడియారం ఒకటే అయిపోతాయి. కారు ఫ్రేమ్ బయటికి పోయిన ప్రతిసారీ మన ప్రాణం దాని వెంటే పోతుంది. చివరికి కారు అవతలికి వెళ్లిపోయి, జంట ముద్దు పెట్టుకోబోతుండగా పేలుడు వినిపిస్తుంది, అప్పుడు పడుతుంది మొదటి కట్, మండుతున్న కారు మీదికి. అన్ని నిమిషాలు దాచుకున్న కట్‌ని అక్కడ ఖర్చుపెట్టాడు. ఎంత గొప్ప పొదుపో చూడండి. పొడవైన షాట్ తీయడం ఇప్పుడు గింబల్ (కెమెరా కుదుపుల్లేకుండా పట్టుకునే పరికరం) ఉన్న ప్రతివాళ్లకీ సాధ్యమే. దానికి ఇలాంటి కారణం ఉందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

మెట్టు 3: సౌండ్ తీసేసి చూడండి

రెండోసారి పూర్తిగా మ్యూట్‌లో పెట్టండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లిష్ 'ఈ' అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. యూట్యూబ్‌లో అయితే వీడియో ఆపి కామా, చుక్క బటన్లు నొక్కండి. ప్రతి షాట్‌కీ ఒక వరస రాయండి: ఎంత దూరం నుంచి చూపించారు, కెమెరా ఎక్కడుంది, కదిలిందా, వెలుతురు ఎటునుంచి వస్తోంది, ఫ్రేమ్‌లో ఏది కనిపించకుండా చేశారు. చివరి ప్రశ్నను మర్చిపోకండి. థ్రిల్లర్‌లో చూపించినదానికంటే దాచినదానికే పని ఎక్కువ.

1975లో స్పీల్‌బర్గ్ తీసిన సొరచేప సినిమా 'జాస్' మొదటి సీన్ దీనికి మంచి పాఠం. రాత్రి సముద్రంలో ఒక అమ్మాయి ఈదుతుంటుంది. కెమెరా నీళ్ల అడుగు నుంచి పైకి ఆమెను చూస్తుంది. ఒడ్డున తాగి పడిపోయిన కుర్రాడు ఇసుకలో నిద్రలోకి జారుకుంటుంటాడు. ఆమెను ఏదో కిందికి లాగుతుంది, అటూ ఇటూ ఈడుస్తుంది, ఇక కనిపించదు. సొరచేప మాత్రం ఒక్క ఫ్రేమ్‌లోనూ లేదు.

లో యాంగిల్‌లో తీస్తే మనిషి శక్తిమంతుడిగా కనిపిస్తాడని సినిమా పాఠాల్లో రాస్తారు. ఇక్కడ కెమెరా అమ్మాయికి కిందే ఉంది, పైకే చూస్తోంది. ఆమె మాత్రం వేటకు చిక్కిన ప్రాణి. ఎందుకంటే ఆ చూపు నీళ్లలో ఉన్నదానిది. కాబట్టి యాంగిల్ పేరు రాసి ఆగిపోకండి. ఆ చూపు ఎవరిది, ఆ చూపు సంగతి పాత్రకు తెలుసా అని అడగండి. హిచ్‌కాక్ 'సైకో' (1960) కూడా ఇలాగే చూడాలి. ఊరి పేరు, తేదీ, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలని టైమ్ కూడా తెర మీద వేసి, కెమెరా ఊరంతా తిరిగి, సగం దించిన కిటికీ తెర కిందనుంచి గదిలోకి దూరుతుంది. అక్కడ ఇద్దరు రహస్యంగా కలుసుకున్నారు. ఇంకా ఏ నేరమూ జరగలేదు, అయినా తొంగిచూసిన తప్పు అప్పటికే మన మీద పడింది.

వెలుతురు చదవడం అలవాటు కావాలంటే స్టూడియోలు అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం కొబ్బరి తోటలో ఒక మనిషిని నిలబెట్టి ముఖం చూడండి. మట్టల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతుంది. అతను ఒక్క అడుగు వేస్తే కళ్లు నీడలోకి పోతాయి, నోరు వెలుగులోకి వస్తుంది. అదే మనిషి, అదే మాట, కానీ ఇప్పుడు అతన్ని నమ్మాలనిపించదు.

మెట్టు 4: కళ్లు మూసుకుని వినండి

మూడోసారి తెర చూడకండి, వినండి. మాటలు, సీన్‌లోనే పుట్టిన శబ్దాలు, బయటనుంచి వేసిన ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం), ఈ మూడూ విడివిడిగా రాయండి. నిశ్శబ్దం వచ్చిన చోట గట్టిగా గీత గీయండి.

'టచ్ ఆఫ్ ఈవిల్' ఇక్కడ మళ్లీ పనికొస్తుంది, ఎందుకంటే అదే షాట్ రెండు రకాల శబ్దాలతో దొరుకుతుంది. 1958లో స్టూడియో ఆ షాట్ మీద టైటిల్స్ వేసి, హెన్రీ మాన్సినీ సంగీతం నడిపించింది. వెల్స్ అలా కోరుకోలేదు. తనకు కావాల్సిన మార్పులన్నీ 58 పేజీల లేఖలో స్టూడియోకి రాశాడు. దాని ఆధారంగా ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1998లో సినిమాను మళ్లీ ఎడిట్ చేశాడు. టైటిల్స్ పోయాయి, పైనుంచి వేసిన సంగీతం పోయింది. వాటి బదులు వీధిలో ఒక్కో క్లబ్బు ముందు ఒక్కో పాట, కదిలే కారులోంచి రేడియో. ఇప్పుడు కారు కనిపించకపోయినా రేడియో వినిపిస్తే బాంబు దగ్గర్లో ఉన్నట్టే. రెండూ వెంటవెంటనే చూడండి, శబ్దం గురించి నాలుగు పుస్తకాలు చదివినంత తెలుస్తుంది.

మన థ్రిల్లర్లలో చాలాచోట్ల ఆర్‌ఆర్ మొదటి ఫ్రేమ్ నుంచే దడదడలాడుతుంది, ఆగే సరికి మన చెవులు మొద్దుబారిపోయి ఉంటాయి. ఆగిపోయిన శబ్దం బలమేంటో డెల్టాలో రొయ్యల రైతుకు బాగా తెలుసు. రాత్రంతా చెరువులో ఏరియేటర్లు తిరుగుతుంటే గట్టు మీద మనిషి హాయిగా నిద్రపోతాడు. కరెంటు పోయి ఆ మోత ఆగిందో, ఉలిక్కిపడి లేస్తాడు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పంటంతా పోతుంది మరి. మంచి సౌండ్ డిజైనర్ ముందు ఒక మోత మనకు అలవాటు చేసి, కావాల్సిన చోట ఆపేది అందుకే.

మెట్టు 5: కట్లు లెక్కపెట్టండి

ఇది త్వరగా అయ్యే పని. నిమిషానికి ఎన్ని కట్లు పడ్డాయో వేసుకుని, వేగం మారిన చోటు పట్టుకోండి. వేగం మారినప్పుడు మీ మూడు గళ్లలో కూడా ఏదో మారిందా చూడండి. మారకపోతే అది ఊరికే హడావిడి.

మెట్టు 6: ఒక్కటి తీసేసి ఊహించండి

మీకు గొప్పగా అనిపించిన టెక్నిక్‌ని ఊహలో తీసేయండి. బాంబు పెట్టిన చేతులు చూపించకుండా కారు ఎక్కడం నుంచి మొదలుపెడితే? సొరచేప మొదటి సీన్‌లోనే కనిపిస్తే? సీన్‌కి ఏ నష్టమూ లేదనిపిస్తే ఆ టెక్నిక్ అలంకారం. సీన్ కూలిపోతే మీ వ్యాసంలో దాని గురించే రాయాలి.

మెట్టు 7: వాక్యం ఇలా రాయండి

"దర్శకుడు క్లోజప్ వాడి టెన్షన్ పెంచాడు" అని రాస్తే ఏ సినిమాకైనా సరిపోతుంది, కాబట్టి దేనికీ సరిపోదు. "చేతులు క్లోజప్‌లో, ముఖం చీకట్లో ఉండటం వల్ల ఏం జరగబోతోందో మనకు తెలుస్తుంది, చేసిందెవరో తెలియదు" అని రాయండి. షాట్, అందులో కనిపించినది, దానివల్ల ఎవరికి ఏం తెలిసింది, ఈ మూడూ ఒకే వాక్యంలో ఉండాలి. తర్వాత సాధనకు పసలపూడి కథల వంశీ తీసిన 'అన్వేషణ' (1985), రామ్‌గోపాల్ వర్మ 'క్షణ క్షణం' (1991) పెట్టుకోండి.

మెట్టు 8: పంటు మీద తీసి చూడండి

చదివినదానికంటే తీసినప్పుడే ఎక్కువ తెలుస్తుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి వశిష్ఠ మీద, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి గౌతమి మీద (రెండూ గోదావరి పాయలే) పంటు, అంటే మనుషుల్నీ బళ్లనూ ఎక్కించుకునే పెద్ద పడవ, దాటుతుంది. థ్రిల్లర్‌కి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది! ఎక్కాక దిగడానికి వీల్లేదు, అవతలి ఒడ్డు దగ్గరపడుతూనే ఉంటుంది, టైమర్ విడిగా అక్కర్లేదు.

కథ చిన్నది పెట్టుకోండి. పెద్దాయన స్కూటర్ డిక్కీలో పొలం కాగితాలున్న సంచి. అవతల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని. రేవులో ఆయన టీ తాగుతుండగా రెండు చేతులు ఆ కాగితాలు తీసి, పాత పేపరు మడిచి సంచిలో పెడతాయి. పంటు కదులుతుంది. "బండి స్టాండేసెయ్యండి బాబాయ్ గారూ" అంటాడొక కుర్రాడు. "ఆయ్, వేశానండి" అని పెద్దాయన నవ్వుతూ సీటు మీద చెయ్యేసి నిలబడతాడు. అంతే సీన్. పంటు వాళ్లకు ముందే చెప్పి, ప్రయాణికులకు అడ్డం రాకుండా, రద్దీ లేని వేళ తీయండి. జనం భయపడే వస్తువులేవీ పట్టుకెళ్లకండి.

ఎడిట్ అయ్యాక కథ తెలియని ఒకరికి సౌండ్ తీసేసి చూపించి, "ఇప్పుడు ఆ సంచిలో ఏముంది?" అని ఒక్కటే అడగండి. పాత పేపరు అన్నారా, మొదటి గడి నిండినట్టే, ఇక ఆర్‌ఆర్ పని చూసుకోవచ్చు. కాగితాలు అన్నారా, చేతుల షాట్ మళ్లీ తీయండి, ఈసారి ఇంకాస్త దగ్గరగా, ఇంకో రెండు సెకన్లు ఎక్కువగా.