ఇటెన్‌కి వెళ్ళే రన్నర్లు ముందు నెమ్మది నేర్చుకోవాలి

పరుగు ట్రైనింగ్ కోసం కెన్యాలోని ఇటెన్ వెళ్ళాలనుకునే మనవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే. రోజుకి ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోమంటారు? మొదటి వారం కిలోమీటర్ల లెక్కే వద్దంటాను. చాలామందికి ఈ జవాబు నచ్చదు. నాకూ ఎవరో ఇదే చెప్పారు, నేను వినలేదు. దిగిన మూడో రోజే హైదరాబాద్ పేస్‌తో పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తాను. ఆ రాత్రి పడుకుంటే గుండె కొట్టుకోవడం దిండులోంచి వినపడింది. తర్వాత నాలుగు రోజులు తలనొప్పి, నిద్ర లేదు, అన్నం సయించలేదు. నెల రోజుల ట్రిప్‌లో ఒక వారం అలా పోయింది. మీకు పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇటెన్ కెన్యాలో, రిఫ్ట్ వ్యాలీ అంచున ఉన్న చిన్న ఊరు. ఎత్తు సుమారు 2,400 మీటర్లు, అంటే మన ఊటీ కంటే కాస్త ఎక్కువ. ఒక మెయిన్ రోడ్డు, ఒక మార్కెట్, చుట్టూ మొక్కజొన్న చేలు, ఎర్రమట్టి దారులు. ఊరి అంచున నిలబడితే కొండ ఒక్కసారిగా తెగిపోయి, వెయ్యి మీటర్లకు పైగా కింద కెరియో లోయ కనిపిస్తుంది. ఊళ్ళోకి వచ్చే దారిలో ఒక కమాను ఉంటుంది, దాని మీద ‘ఛాంపియన్ల పుట్టిల్లు’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. అది గొప్పకి రాసుకున్నది కాదు. 1976లో ఐర్లాండ్ నుంచి కోమ్ ఓకానల్ అనే క్యాథలిక్ బ్రదర్ ఇక్కడి సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్‌కి జాగ్రఫీ చెప్పడానికి వచ్చారు. అథ్లెటిక్స్‌లో ఆయనకు ముందు అనుభవం లేదు. పిల్లల్ని చూస్తూ చూస్తూ కోచ్ అయ్యారు. ఆ స్కూల్లో చదివిన పీటర్ రోనో 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఓకానల్ దగ్గరే శిక్షణ తీసుకున్న డేవిడ్ రుడిషా 2012 లండన్‌లో 800 మీటర్లు 1:40.91లో పరిగెత్తాడు. మారథాన్ స్టార్ కిప్‌చోగే కూడా ఇక్కడే ఉంటాడని మనవాళ్ళు అనుకుంటారు, కాదు. ఆయన క్యాంప్ కప్తగాట్‌లో, అది వేరే ఊరు.

వెళ్ళే ముందు రెండు పనులు వాయిదా వేయకండి. ఒకటి ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా నుంచి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా క్వారంటైన్‌కి పంపుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో. రెండోది రక్తపరీక్ష. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకోండి. ఎత్తులో శరీరం కొత్త ఎర్ర రక్తకణాలు తయారు చేయడానికి ఐరన్ కావాలి. నిల్వలు లేకపోతే నెల రోజులు ఉన్నా పెద్దగా లాభం ఉండదు. శాకాహారులు, ఆడవాళ్ళు ఈ పరీక్ష అసలు వదలొద్దు. కనీసం ఆరు వారాల ముందు చేయించుకుంటే, తక్కువ ఉన్నా డాక్టర్ చెప్పిన మందుతో సరిచేసుకునే టైమ్ ఉంటుంది. సొంతంగా ఐరన్ మాత్రలు మింగకండి. మలేరియా మందుల గురించి కూడా ఆయన్నే అడగండి. ఇటెన్ చల్లగా ఉన్నా, కింద కెరియో లోయలో దోమలున్నాయి.

వీసా బదులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. నైరోబీ నుంచి ఎల్డోరెట్‌కి విమానంలో గంట లోపే. ఎల్డోరెట్ నుంచి ఇటెన్‌కి మటాటూ, అంటే మన షేర్ వ్యాన్ లాంటిదే, గంట పడుతుంది. ఫోన్‌తో డబ్బు కట్టే ఎం-పెసా పెట్టించుకోండి. అరటిపళ్ళ బండి దగ్గర కూడా దాంతోనే షిల్లింగ్‌లు కట్టొచ్చు.

ఎప్పుడు వెళ్ళాలి? డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు పొడి కాలం. నా ఓటు దానికే. భూమధ్యరేఖ పక్కనే ఉన్నా అక్కడ మన ఎండాకాలం లాంటిది రాదు. తెల్లవారుజామున పది డిగ్రీల దగ్గర ఉంటుంది, మధ్యాహ్నం ఇరవై రెండు నుంచి ఇరవై అయిదు. మార్చి చివర్లో వానలు మొదలవుతాయి. ఏప్రిల్, మే గట్టిగా పడతాయి, ఆగస్టు దాకా పోతూ వస్తూ ఉంటాయి. వాన చాలావరకు మధ్యాహ్నం తర్వాతే కాబట్టి పొద్దున పరుగు ఆగదు. కానీ ఆ ఎర్రమట్టి తడిస్తే బంక. అడుగు అడుగుకీ బూటు కింద ఒక పొర చేరి, కాలు కిలో బరువెక్కుతుంది. ఎండ విషయంలో చల్లగాలిని నమ్మకండి. ఆ ఎత్తులో, ఆ అక్షాంశంలో పది గంటలకే చర్మం మాడుతుంది. టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. పొద్దున పరుగుకి పల్చటి ఫుల్ చేతుల టీ షర్ట్, గ్లౌజులు చాలు. స్థానికులు మాత్రం ఆ చలిలో దళసరి జాకెట్ వేసుకుని బయల్దేరి, అరగంట తర్వాత నడుముకి కట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. 2,400 మీటర్ల దగ్గర గాలి పీడనం తక్కువ. సముద్ర మట్టంతో పోలిస్తే ప్రతి శ్వాసలో మీకు అందే ఆక్సిజన్ సుమారు నాలుగింట మూడు వంతులే. దానికి శరీరం వెంటనే చేయగలిగింది గట్టిగా ఊపిరి తీసుకోవడం, గుండెను వేగంగా కొట్టించడం. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. అందుకే మూడు వారాల కంటే తక్కువకి వెళ్ళకండి, నాలుగైతే మంచిది. మొదటి రెండు రోజులు నడక మాత్రమే. మూడో రోజు నుంచి అరగంట జాగింగ్, మాట్లాడుకుంటూ వెళ్ళగలిగేంత. వాచీలో పేస్ కనపడకుండా పెట్టుకోండి. ఇంటి దగ్గర నా ఈజీ రన్ కిలోమీటర్‌కి 5:40 నిమిషాలు. అక్కడ తేరుకున్నాక మొదటి పది రోజులు 6:40, గుట్ట ఎక్కేచోట ఏడు దాటింది. అది సరైన వేగమే. నీళ్ళు ఎక్కువ తాగండి, పొడిగాలికి దాహం తెలియకుండానే ఒళ్ళు ఎండిపోతుంది. తలనొప్పి తగ్గకపోగా వాంతులు కూడా మొదలైతే పరుగు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మీరు నెమ్మదిగా వెళ్తే ఎవరైనా చిన్నచూపు చూస్తారేమో అని టెన్షన్ పడక్కర్లేదు. ఆరు గంటలకు రోడ్డు పక్కన నిలబడి చూడండి. సూర్యుడు ఏడాది పొడవునా ఆరున్నరకి అటూ ఇటూగానే వస్తాడు, కాబట్టి అప్పటికింకా మసక చీకటి. ఇరవై ముప్ఫై మంది గుమిగూడతారు. వాళ్ళలో అరవై నిమిషాల్లో హాఫ్ మారథాన్ చేసేవాళ్ళు ఉంటారు. బయల్దేరినప్పుడు మాత్రం మనం నడుచుకుంటూ అందుకునేలా ఉంటుంది. మాటలుండవు, మట్టి మీద బూట్లు ‘చర్ చర్’మనే చప్పుడు, అంతే. మొదటి రెండు కిలోమీటర్లు నేను వాళ్ళ మధ్యలోనే ఉన్నాను. మూడోది నుంచి ఎవరూ ఏమీ చెప్పకుండానే వేగం పెరిగింది, అయిదో దగ్గర నేను ఒక్కణ్ణే. ఇలా మిగిలిపోతే దారి తప్పకుండా ముందే రూట్ ఫోన్‌లో పెట్టుకోండి, ఆ చేల దారులన్నీ ఒకేలా ఉంటాయి. తారు రోడ్డు మీద వెళ్ళాల్సి వస్తే కుడి పక్కన పరిగెత్తండి. అక్కడా మనలాగే ఎడమ పక్కనే బండ్లు నడుస్తాయి, ఎదురొచ్చే లారీ కనపడాలి.

పొద్దున ఒక పరుగు, సాయంత్రం నాలుగు దాటాక ఇంకొకటి, మధ్యలో నిద్ర. చాలామంది దినచర్య ఇదే. ఆ మధ్యాహ్నం నిద్ర బద్ధకం అనుకోకండి, ట్రైనింగ్‌లో అది సగం.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫార్ట్‌లెక్, అంటే వేగం మార్చుకుంటూ పరిగెత్తడం. ఇది చూడకుండా ఇటెన్ నుంచి రావద్దు. మట్టి రోడ్డు కూడలిలో వంద మందికి పైగా చేరతారు, ఎవరో ఒకరు గట్టిగా ఆ రోజు సెట్ చెబుతారు. ఒక నిమిషం వేగం, ఒక నిమిషం నెమ్మది, అలా ఇరవై అయిదు సార్లు. లేదంటే రెండు నిమిషాలు, ఒక నిమిషం. కొంత దూరం జాగింగ్, తర్వాత వాచీలన్నీ ఒక్కసారి కీచుమంటాయి, గుంపు మొత్తం కదిలి దుమ్ము లేస్తుంది. మొదటి రెండు వారాలు పక్కన నిలబడి చూడండి. మూడో వారంలో చివరి వరసలో నిలబడి అయిదారు సెట్లు చేసి, ఎడమకి తప్పుకోండి. మధ్యలో ఆగకండి, వెనకాల వచ్చేవాళ్ళు మీ మీద పడతారు. ఫోన్ తీసి మొహాల మీద వీడియో పెట్టకండి. అది వాళ్ళ ఉద్యోగం. నిలబడ్డప్పుడు ‘చామ్‌గే’ అనండి, అక్కడి కలెంజిన్ భాషలో నమస్కారం. పేరు, ఊరు వాళ్ళే అడుగుతారు.

తిండికి మనవాళ్ళకి ఇబ్బంది లేదు. ఉగాలీ అంటే మొక్కజొన్న పిండితో చేసే తెల్ల సంకటి. దాంతో సుకుమా వికీ అనే ఆకుకూర వేపుడు. చపాతీని చపాతీ అనే అంటారు. ఎన్‌డెంగు అని హోటల్లో కనిపిస్తే కళ్ళు మూసుకుని చెప్పేయండి, అవి మన పెసలే, కూరలా చేస్తారు. పాలు, చక్కెర దండిగా వేసిన చాయ్ ఎక్కడికెళ్ళినా ఇస్తారు. సొరబుర్రలో బొగ్గు పూసి పులియబెట్టిన ముర్సిక్ అనే పాలు కూడా రుచి చూడండి, కానీ పరుగు లేని రోజు. సొంతంగా వండుకునేవాళ్ళు చిన్న ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్ళండి. ఆ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటన్నర ఉడికించినా బద్దలుగానే ఉండిపోయింది.

బూట్లు రెండు జతలు ఉండాలి. పరుగు అయ్యాక అక్కడివాళ్ళు బేసిన్‌లో నీళ్ళు పోసి, బ్రష్‌తో బూట్లను అడుగు దాకా రుద్ది, గోడకి ఆనించి ఎండబెడతారు. రోజూ చేస్తారు. మీరూ చేయండి, లేకపోతే ఆ ఎర్ర దుమ్ము గుడ్డలోకి దిగి గట్టిపడి బొబ్బలొస్తాయి.

తిరిగొచ్చాక రేస్ ఉంటే, దిగిన రెండు మూడు రోజుల్లో గానీ, రెండు మూడు వారాలు ఆగాక గానీ పెట్టుకోండి. మధ్యలో చాలామందికి కాళ్ళు బరువుగా ఉంటాయి, నాకూ ఉన్నాయి. ఇంకొక్కటి. బ్యాగులు సర్దేటప్పుడు ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ పెద్ద సూట్‌కేసులో వేసేయకండి. ఎయిర్‌పోర్ట్‌లో లగేజీ చేతికి రాకముందే హెల్త్ కౌంటర్ దగ్గర అడుగుతారు.