జిల్లా ఆసుపత్రిలో డే కేర్ ఇన్‌ఫ్యూషన్ విభాగాన్ని నడిపే పద్ధతి

ఉదయం వచ్చి సెలైన్‌తో పాటు మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరవలసిన రోగుల కోసం ఉన్నదే డే కేర్ విభాగం. కీమోథెరపీ, గర్భిణులకు ఐరన్, ఉద్దానం కిడ్నీ రోగులకు ఐరన్ సుక్రోజ్ వంటివన్నీ ఇక్కడే ఇవ్వవచ్చు. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు ఒక వైపు ప్రయాణమే 200 కిలోమీటర్లు దాటుతుంది కనుక, జిల్లా ఆసుపత్రులన్నింటిలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పిన మాట శ్రీకాకుళం వారికి చాలా విలువైనది.

విభాగం పరిమాణాన్ని నర్సుల సంఖ్యను బట్టి నిర్ణయించాలి. గదిలో పది కుర్చీలు పట్టినా, ఇద్దరే నర్సులున్న రోజున ఆరింటికి మించి నడపరాదని నా నిశ్చితాభిప్రాయం. మందు మొదలైన తొలి నిమిషాల్లో నర్సు రోగి పక్కనే ఉండాలి కాబట్టి, అందరికీ తొమ్మిదింటికే మొదలుపెట్టకుండా పావుగంట తేడాతో పిలవాలి. ఎక్కువ గంటలు పట్టే మందులను ముందు పెట్టుకోవాలి. అయితే మందస, సీతంపేట వైపు వారికి సమయం ఇచ్చేముందు బస్సు ఎన్నింటికో అడగడం మరువకూడదు. రక్తపరీక్ష ముందురోజే ఊరి దగ్గర చేయించుకుని రమ్మంటే, రిపోర్టు కోసం సగం రోజు వృథా కాదు.

కీమో మందును ఫార్మసిస్టు బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే (మందు తుంపరలు బయటికి రాకుండా గాలిని వడకట్టే పెట్టెలోనే) కలపాలి; అదీ రోగి వచ్చి, బరువు చూసి, డాక్టరు సంతకం చేశాకనే. ఎక్కించేముందు ఇద్దరు నర్సులు పేరు, ఓపీ నంబరు, మందు, మోతాదు పైకి చదివి సరిచూడాలి.

కిడ్నీ రోగి కూర్చోగానే రెండు చేతులూ మోచేతి పైదాకా చూసి, ఫిస్టులా (డయాలసిస్ కోసం శస్త్రచికిత్సతో చేతిలో ధమనిని, సిరను కలిపిన చోటు) ఎటువైపు ఉందో తెలుసుకోవాలి. ఆ చేతికి సూదే కాదు, బీపీ పట్టీ కూడా వేయకూడదు. డయాలసిస్ ఇంకా మొదలుకాని వారికి సైతం ముంజేతిని వదిలి, అరచేతి వెనుక వైపు నరానికే కాన్యులా (మందు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టాలి. రేపు ఫిస్టులాకు ఆ ముంజేతి నరాలే ఆధారం.

మందు పడక ప్రాణం మీదికి వస్తే ఇచ్చే అడ్రినలిన్ ట్రేలో సిద్ధంగా ఉండాలి, తాళం వేసిన బీరువాలో కాదు. పెద్దవారికి ఒళ్లంతా దద్దుర్లతో ఊపిరాడకపోతే వెంటనే మందు ఆపి, కాన్యులా తీయకుండా, అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండరానికి ఇచ్చి డాక్టరును పిలవాలి.

కీమో రోగిని పంపేటప్పుడు, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా రమ్మని చెప్పి, ఫోన్ నంబరును ఓపీ చీటీపై పెద్ద అక్షరాలతో రాయాలి. రాత్రి ఆ ఫోన్ ఎత్తే క్యాజువాలిటీ నర్సుకు ఆనాటి రోగుల జాబితాను సాయంత్రమే అందజేయాలి.