కొత్త పికప్‌కు మైలేజీ రాబట్టడం: రెండో పాఠం – చక్రం తేలిగ్గా తిరుగుతోందా?

మొదటి పాఠంలో ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్క కట్టడం నేర్చుకున్నాం. ఒకే బంకు, వీలైతే ఒకే గన్. బండి సమంగా నిలబడాలి. గన్ మొదటిసారి టక్కున ఆగగానే చాలనాలి, ఆ తర్వాత చుక్క కూడా పోయించకూడదు. మళ్లీ నింపేదాకా తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మీ అసలు మైలేజీ వస్తుంది. 330 కిలోమీటర్లకు 30 లీటర్లు పడితే లీటరుకు 11 అన్నమాట. ఈ అంకె ఇంకా చేతిలో లేనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. అది లేకుండా ఈ పాఠంలో ఏది చేసినా, ఫలితం వచ్చిందో రాలేదో మీకే తెలియదు.

అంకె తక్కువ వచ్చిందనుకుందాం. మన బెజవాడలో బండి ఓనరు ముందు అనుమానించేది డ్రైవర్‌ను, ఆ తర్వాత బంకును, ఆపైన కంపెనీని. నెల తిరిగేసరికి కిస్తీ కట్టాల్సినవాడి టెన్షన్ నాకు తెలుసు. అయినా డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడని ఒక మనిషిని అనే ముందు నాలుగు చక్రాల దగ్గర కూర్చుని చూడండి. మాట జారాక, తప్పు చక్రంలో ఉందని తేలినా ఆ డ్రైవర్ మీ దగ్గర మునుపటిలా పనిచేయడు.

ముందు గాలి. గాలి తగ్గిన సైకిల్‌ను తొక్కినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. టైరు నేలను తాకే చోట అణుగుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ సాగుతుంది. గాలి తక్కువైతే ఈ అణగడం ఎక్కువై రబ్బరు వేడెక్కుతుంది. ఆ వేడి మీ డీజిల్ నుంచి వచ్చిందే.

ఎంత గాలి ఉండాలన్నది పంక్చర్ షాపులో అడగాల్సిన ప్రశ్న కాదు. డ్రైవర్ వైపు డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, లేదంటే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ముందు చక్రాలకు ఒక అంకె, వెనక చక్రాలకు ఇంకో అంకె. కొన్ని బండ్లకు ఖాళీకి వేరు, లోడుకు వేరు. ‘అన్నిటికీ ఒకటే కొట్టెయ్’ అనడం వల్లే చాలా పికప్‌లు వెనక చక్రాల్లో గాలి చాలక, లోడు వేయగానే కూర్చుంటాయి.

ఇప్పుడు అసలు మెలకువ. గాలి తెల్లవారుజామున, బండి కదలకముందు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు 52 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరు, హైవే మీద పరిగెత్తి వేడెక్కాక 58 చూపించడం మామూలే. మన మే నెల ఎండలో తారు రోడ్డు ఎలా కాలుతుందో చెప్పాలా? మధ్యాహ్నం గుంటూరు నుంచి వచ్చి, వేడి టైరులో సరిగ్గా 52 పెట్టించుకుని మురిసిపోతే, మర్నాడు పొద్దున అందులో ఉండేది 46 చిల్లరే. వేడి మీద ఎక్కువ చూపించిందని గాలి తీయించడం ఇంకా పెద్ద పొరపాటు. అలాగని స్టిక్కర్ మీది అంకె దాటించి రాయిలా బిగించనూ వద్దు. ఖాళీగా వస్తున్నప్పుడు వెనకభాగం ఎగిరెగిరి పడుతుంది, బ్రేకు వేస్తే పట్టు తగ్గుతుంది, టైరు నడుమ అరుగుతుంది.

అందుకే మీకంటూ గాలి కొలిచే గేజ్ ఒకటి కొనుక్కోండి. బండ్ల రిపేర్లకు పేరున్న మన ఆటోనగర్‌లో ఏ విడిభాగాల షాపులోనైనా దొరుకుతుంది. రోజూ ఒకే గేజ్‌తో కొలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఒక్కో షాపు గేజ్ ఒక్కో అంకె చెబుతుంటే మీరు దేన్ని నమ్ముతారు?

రెండోది బ్రేకు పట్టేయడం. కొత్త బండికి ఇదేం వస్తుందని చాలామంది చూడనే చూడరు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఎక్కువ బిగించి ఉండొచ్చు, వెనక బ్రేకు డ్రమ్ములో లైనర్ (రాపిడి పట్టీ) రాసుకుంటూ ఉండొచ్చు, ముందు డిస్క్‌ను నొక్కి పట్టే కాలిపర్ వెనక్కి వదలకపోవచ్చు. బండి నడుస్తూనే ఉంటుంది, కాకపోతే బ్రేకును ఈడ్చుకుంటూ నడుస్తుంది.

దీన్ని చెయ్యే పట్టిస్తుంది. తాడేపల్లి దాటాక మంగళగిరి వైపు ఓ పది కిలోమీటర్లు ఒకే వేగంతో నడపండి. ఆగాల్సిన చోటికి చాలా ముందే యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు వీలైనంత తక్కువ వాడి, రోడ్డు పక్కన సమంగా ఉన్నచోట ఆపండి. ఇంజిన్ ఆపి గేర్లో పెట్టి, చక్రానికి రాయి వేయండి. ఇప్పుడు అరచేతిని కాకుండా చేతి వెనక భాగాన్ని రిమ్ము నడిబొడ్డుకు దగ్గరగా తీసుకెళ్లండి. ముట్టుకోవద్దు, ముందు సెగ చూడండి. ముందు చక్రాన్ని వెనక చక్రంతో పోల్చకూడదు, ముందు బ్రేకులకు ఎప్పుడూ పని ఎక్కువే. ముందు ఎడమను ముందు కుడితో, వెనక ఎడమను వెనక కుడితో పోల్చాలి. రెండూ గోరువెచ్చగా ఉంటే భయం లేదు. ఒకటి మామూలుగా ఉండి రెండోదాని నుంచి సెగ కొడుతున్నా, కమురు వాసన వస్తున్నా దొంగ దొరికినట్టే. బేరింగు బిగుసుకున్నా ఇలాగే వేడెక్కుతుంది. ఏదైనా సరే, బండిని వెంటనే చూపించాలి.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ‘మైలేజీ రావట్లేదండీ’ అంటే మీకు దొరికే జవాబు ఒక్కటే: ‘కొత్త బండి కదా, తిరగ్గా తిరగ్గా వస్తుంది.’ అది పూర్తిగా అబద్ధం కాదు. మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో ఇంజిన్, గేర్లు, వెనక ఇరుసులోని క్రౌన్ పళ్ల చక్రం సర్దుకుని మైలేజీ కొంత పెరుగుతుంది. కానీ పట్టేసిన బ్రేకు తనంతట తాను వదలదు. అందుకని ‘ఎడమ వెనక చక్రం కుడిదానికన్నా బాగా వేడెక్కుతోంది, జాకీ ఎత్తి చేత్తో తిప్పి చూడండి’ అని అడగండి. ఆ మాటనే జాబ్‌కార్డులో, అంటే వాళ్లు పని రాసుకునే కాగితంలో, రాయించండి. వారంటీలో ఉన్న బండికి ఆ కాగితమే బలం.

ఇంజిన్ కంప్యూటర్ చిప్ మార్చి, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మూసి మైలేజీ తెప్పిస్తామనే వాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. ఆటోనగర్ పనితనం మీద నాకెంతో గౌరవం ఉంది, అయినా ఈ పని మాత్రం చేయించకండి. వారంటీ పోతుంది, పొగ నిబంధనల ప్రకారం నేరం కూడా.

ఎలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా ఉన్నాయా లేదా అన్నదాని గురించి ఎక్కువ చెప్పను. ముందు టైరు మీద అరచేయి పెట్టి లోపలి నుంచి బయటికి, తర్వాత బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు రంపంలా గీసుకుంటే చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా లేవు. పెద్ద గుంతలో పడ్డ కొత్త బండికైనా ఇది జరుగుతుంది.

చక్రాలు బాగున్నాయని తేలాకే వేగం మాట. గాలి ఎదురు నెట్టే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళితే వేగం మూడో వంతే పెరుగుతుంది కానీ, గాలి బలం ఒకటీ ముప్పావు రెట్లు దాటుతుంది. పికప్ ముఖం గోడలా నిలువుగా ఉంటుంది, వెనక తొట్టి ఖాళీగా ఉన్నా గాలి అందులో సుడులు తిరుగుతుంది. కృష్ణ మీది వారధి దాటాక గుంటూరు వైపు 30 కిలోమీటర్ల హైవేను 60లో నడిపితే అరగంట, 80లో నడిపితే 22న్నర నిమిషాలు. మిగిలేది ఏడున్నర నిమిషాలు. కాజ టోల్ దగ్గర క్యూ ఉన్న రోజు ఆ మిగులు కూడా ఉండదు. డ్రైవర్‌కు గంటకోసారి ఫోన్ చేసి ‘ఎక్కడిదాకా వచ్చావ్’ అని తొందరపెట్టే ఓనరు తన డీజిల్ తానే తగలేసుకుంటున్నాడు. ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను, ప్రాణాలూ అందులో ఉన్నాయి కాబట్టి.

మిర్చి యార్డుకు తోలేవాళ్లకు ఒక ముక్క. టిక్కీలు (మిర్చి బస్తాలు) క్యాబిన్ పైకి ఎంత లేస్తే గాలికి అంత అడ్డం. బరువు అదే అయినా, తొట్టి పొడవునా సర్ది ఎత్తు తగ్గిస్తే తేడా కనిపిస్తుంది. టార్పాలిన్ అంచులు పటపటా కొట్టుకోకుండా తాడు బిగించండి. సీజన్‌లో యార్డు ముందు వరసలో ఉన్నప్పుడు ఇంజిన్ ఆపేయండి. ఊరికే తిరుగుతున్న డీజిల్ ఇంజిన్ గంటకు అర లీటరు పైనే తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. కనకదుర్గ ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి వదిలే అలవాటు కూడా మానాలి. ఇప్పటి ఇంజిన్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే కంప్యూటర్ డీజిల్‌ను పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్లో ఇంజిన్ తిరగడానికి డీజిల్ పోస్తూనే ఉండాలి. పైగా ఇంజిన్ పట్టు లేక లోడు బండి చేయి దాటుతుంది.

వచ్చే పాఠం లోపు చేయాల్సింది ఇది. ఈ ట్యాంకుకు గాలి ఒక్కటే సరిచేయండి, వేగం మార్చకండి. తర్వాతి ట్యాంకుకు వేగం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఎంత ఇచ్చిందో తేలదు. నోటు పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, లోడు ఎంత, పొద్దున చూసిన నాలుగు టైర్ల గాలి రాయండి. చక్రాల సెగ ఒక్కటి మాత్రం ట్యాంకు కోసం ఆగకుండా రేపే చూడండి.

అంతా సరిగ్గా ఉన్నా ఒక్కో ట్యాంకుకు మైలేజీ ఉన్నట్టుండి పడిపోయి, తర్వాతి ట్యాంకుకు మళ్లీ లేస్తోందా? ఆ ట్యాంకు పక్కన చుక్క పెట్టి, ఆ రోజుల్లో బండి ఎక్కువ ఊళ్లోనే తిరిగిందా, హైవే ఎక్కిందా రాసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్‌-6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టి కాల్చే ఫిల్టర్ ఉంటుంది. మూడో పాఠం దాని గురించే.